ఖర్చు సంగతి ముందే మాట్లాడే క్లినిక్: ముసలి కుక్కకు చివరి ఏడాది వైద్యం

సికింద్రాబాదులో కంటోన్మెంటుకు దగ్గరగా ఇద్దరు పశువైద్యులు నడుపుతున్న ఒక చిన్న క్లినిక్ గురించి ఈ సమీక్ష. ఇప్పటికే వస్తున్న జంతువులకే సమయం చాలడం లేదని, దయచేసి పేరు రాయవద్దని అక్కడి డాక్టరమ్మ కోరారు కనుక పేరు రాయడం లేదు. పేరు లేని సమీక్ష ఎవరికి పనికొస్తుందని అడగవచ్చు. ముసలి కుక్కనో పిల్లినో ఇంట్లో పెట్టుకుని, ఒకపక్క దాని ఆరోగ్యం గురించి, మరోపక్క రాబోయే బిల్లుల గురించి బెంగపడుతున్నవారు తమ ఊళ్లో వైద్యశాలను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో దీని నుంచి కొంత తెలుస్తుందని నా ఉద్దేశం. మా జిమ్మీ చివరి ఏడాది వైద్యమంతా దాదాపు అక్కడే జరిగింది. వాడు పోయిన తర్వాత ఇంట్లో అందరం ఏడ్చాం గానీ, పెట్టిన ఖర్చు గురించి గానీ పెట్టని ఖర్చు గురించి గానీ ఒకరినొకరం దెప్పుకోలేదు. పెంపుడు జంతువు పోయిన ఇళ్లను చూసినవారికి ఇది ఎంత అరుదో తెలుసు. అందులో ఆ క్లినిక్ పాత్ర పెద్దది.

జిమ్మీ తెల్ల స్పిట్జ్, మనవైపు పొమేరియన్ అని పిలుచుకునే రకం. పద్నాలుగో ఏట వాడికి రాత్రిళ్లు దగ్గు మొదలైంది. గొంతులో ఏదో అడ్డుపడి కక్కబోతున్నట్టు ఉండే దగ్గు. వయసు మళ్లిన చిన్న జాతి కుక్కల్లో ఇటువంటి దగ్గు వస్తే గుండెను కూడా పరీక్షించాలి. గుండె ఎడమ భాగంలో ఉండే మైట్రల్ కవాటం మందమెక్కి సరిగ్గా మూసుకోకపోవడం, దానివల్ల రక్తం కొంత వెనక్కి కారడం, కాలక్రమంలో గుండె సాగి పెద్దదై ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం ఈ జబ్బు నడిచే తీరు. కుక్కలకు వచ్చే గుండె జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.

మేము మొదట వెళ్లింది రాత్రింబవళ్లు తెరిచి ఉండే ఒక పెద్ద ప్రైవేటు పశువైద్యశాలకు. పరికరాలకు, శుభ్రతకు అక్కడ లోటు లేదు. డాక్టరు గుండెలో ఉండకూడని చప్పుడు ఉందని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత బిల్లుల కౌంటరు దగ్గర ఒక అబ్బాయి వచ్చి, రెండు రోజులు ఉంచి సెలైన్ పెట్టాలని, ముప్పై వేలు అడ్వాన్సు కట్టాలని చెప్పాడు. ఆ ముప్పై వేలలో ఏ పరీక్షకు ఎంత, ఏది ఇవాళే చేయాలి, ఏది వారం ఆగవచ్చు అని మా వారు అడిగితే, "ప్యాకేజీ సార్, విడిగా చెప్పలేం" అన్నాడు. మారు ప్రశ్న వేస్తే కుక్క మీద ప్రేమ లేనివాళ్లలా కనిపిస్తామేమోనన్న సంకోచం మనుషుల ఆసుపత్రిలో కన్నా ఇక్కడ ఎక్కువగా పట్టుకుంటుంది. ఆ సంకోచం మీదే కొన్ని బిల్లులు నడుస్తాయని నా అనుమానం. మేము అడ్వాన్సు కట్టకుండా, మా వీధిలో పిల్లులు పెంచే ఒకావిడ చెప్పిన ఈ చిన్న క్లినిక్కుకు జిమ్మీని తీసుకొచ్చాం.

ఇక్కడ డాక్టరమ్మ చేసిన మొదటి పని స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వినడం. రెండోది, ఒక తెల్ల కాగితం తీసుకుని నిలువుగా రెండు గీతలు గీసి మూడు వరుసలు చేయడం. మొదటి వరుసలో తప్పనిసరిగా కావలసినవి, రెండో దాంట్లో వీలైతే చేయించదగ్గవి, మూడో దాంట్లో ప్రస్తుతానికి అక్కర్లేనివి రాశారు. ప్రతి దాని పక్కన ధర వేశారు. ధర కింద, ఆ పరీక్ష ఫలితం ఎలా వస్తే వైద్యం ఎలా మారుతుందో ఒక్క వాక్యంలో రాశారు. ఫలితం ఎలా వచ్చినా వైద్యం మారదనుకున్న పరీక్షలన్నీ మూడో వరుసలోకి వెళ్లాయి. ఈ కాగితం పద్ధతి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆ తర్వాత ఏడాది పొడుగునా పెద్ద నిర్ణయం వచ్చినప్పుడల్లా కొత్త కాగితం రాసి ఇచ్చారు, వాటిని మేము ఒక ఫైలులో పెట్టుకున్నాం.

మొదటి కాగితంలో గుండె స్కానింగు, అంటే ఎకో, తప్పనిసరి వరుసలో ఉంది. అది ఖరీదైన పరీక్షే, అప్పట్లో మూడున్నర వేలు అయింది. ఎందుకు తప్పనిసరి అన్నదానికి ఆమె చెప్పిన కారణం నాకు నచ్చింది. పిమోబెండాన్ అనే మందు ఈ కవాటం జబ్బులో గుండె అప్పటికే పెద్దదైన కుక్కలకు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే దశ రాకముందే మొదలుపెడితే, గుండె చేతులెత్తేసే ఆ దశను సగటున సుమారు 15 నెలలు వాయిదా వేయగలదని 2016లో వెలువడిన ఎపిక్ అనే పరిశోధన తేల్చింది. గుండె ఇంకా పెద్దది కాని కుక్కలకు ఆ మందు అప్పుడే మొదలుపెట్టనక్కర్లేదు. కాబట్టి నెలనెలా రెండు మూడు వేలు మందుకు పెట్టాలో వద్దో తేల్చేది ఆ ఒక్క పరీక్ష. స్కానింగు కోసం ఆమె రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి పేరు కూడా చెప్పారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయానిది కనుక అక్కడ రుసుము తక్కువ, కానీ వరుసలో చాలాసేపు ఉండాలి, మా ఇంటినుంచి నగరానికి అటు చివర. ఆయాసపడే కుక్కను అంత దూరం తిప్పడం ఇష్టం లేక మేము దగ్గరలోనే చేయించాం. ఖర్చుకు వెనకాడేవారికి, సమయం ఉన్నవారికి మాత్రం ఆ దారి తప్పకుండా ఉంది. తన దగ్గర రాబడి తగ్గుతుందని తెలిసీ ఆ దారి చూపించే ప్రైవేటు డాక్టర్లు ఎక్కువమంది ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారికి తిరుపతిలో, గన్నవరంలో ఉన్న పశువైద్య కళాశాలలు ఇలాంటి అవసరానికి పనికొస్తాయి.

రెండో మంచి సలహాకు డబ్బే అక్కర్లేదు. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో గడియారం పెట్టుకుని లెక్కించమన్నారు. ముప్పైకి లోపు ఉంటే ఫర్వాలేదు. పడుకున్నప్పుడు కూడా వరుసగా ముప్పై దాటుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు అనుమానించి వెంటనే ఫోను చేయాలి. మా అత్తగారు ఈ పని తన మీద వేసుకుని, పాత క్యాలెండరు వెనక రోజూ అంకె రాసేవారు. భయం వేసిన ప్రతిసారీ ఆటో ఎక్కించుకుని పరుగెత్తకుండా ఆ అంకెలు మమ్మల్ని కాపాడాయి. నిజంగా పరుగెత్తవలసిన రాత్రి ఏదో కూడా అవే చెప్పాయి.

మందుల విషయంలోనూ ఆ క్లినిక్ తీరు వేరు. గుండె జబ్బు కుక్కలకు ఒంట్లో నీరు తగ్గించడానికి వాడే ఫ్యూరోసెమైడ్, రక్తపోటుకు వాడే తెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ వంటివి మనుషులు వాడే మందులే. డాక్టరమ్మ చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు పేరు, బరువును బట్టి మోతాదు రాసి, జన ఔషధి దుకాణంలో కొనుక్కోమనేవారు. వాటి బిల్లు చూసి మొదట్లో మా వారు లెక్క తప్పిందనుకుని మళ్లీ కూడారు. మనుషుల మందులే కదా అని ఎవరికి వారు ఇంట్లో ఉన్న మాత్రలు విరిచి పెట్టరాదని కూడా ఆమె గట్టిగా చెప్పేవారు. ఇబుప్రొఫెన్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది, పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర ప్రాణాంతకం కావచ్చు.

ఆమె బిల్లు చదవడం కూడా నేర్పించారు. జంతువుల వైద్యానికి పశువైద్యశాల తీసుకునే రుసుము మీద జీఎస్టీ లేదు. క్లినిక్కులో అమ్మే ప్యాకెట్ల కుక్క తిండి మీద మాత్రం 18 శాతం ఉంది. రెండూ కలిపి ఒకే మొత్తంగా బిల్లు ఇస్తే ఎక్కడ ఏం కట్టామో తెలియదు. ఈ క్లినిక్కులో సంప్రదింపు, పరీక్ష, మందు, తిండి నాలుగూ విడివిడి వరుసల్లో ఉండేవి, వాడిన సిరంజి దాకా రాసేవారు. బీమా సంగతి మేము అడిగితే సహాయకుడు దాపరికం లేకుండా చెప్పాడు. మన దేశంలో కుక్కలకు బీమా ఇచ్చే కంపెనీలు ఉన్నాయి గానీ, కొత్తగా చేర్చుకోవడానికి వయసు పరిమితి పెడతాయి, అప్పటికే ఉన్న జబ్బు ఖర్చును భరించవు. జిమ్మీ వయసుకు ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది. ఇంట్లో చిన్న కుక్కపిల్ల ఉన్నవారు ఈ మాట ఇప్పుడే ఆలోచించుకోవాలి, లేదా నెలకు కొంత విడిగా దాచుకోవాలి.

ఆరేడు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగడం మొదలైంది, కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయని తేలింది. కుక్కల దీర్ఘకాలిక కిడ్నీ జబ్బును నాలుగు దశలుగా విభజిస్తారు. జిమ్మీ రెండో దశ చివర ఉన్నాడని, అక్కడి నుంచి వెనక్కి రావడం ఉండదని ఆమె చెప్పారు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. గుండెకు ఒంట్లో నీరు తగ్గాలి, కిడ్నీలకు నీరు కావాలి. గుండె కోసం ఇచ్చే ఫ్యూరోసెమైడ్ కిడ్నీలను ఎండగడుతుంది, కిడ్నీల కోసం ఎక్కించే సెలైన్ ఊపిరితిత్తులను ముంచుతుంది. మొదట వెళ్లిన ఆసుపత్రిలో రెండు రోజుల సెలైన్‌కు మేము ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో ఆ రోజు మాకు అర్థమైంది. ఈ డాక్టరమ్మ సెలైన్‌ను మూడో వరుసలో రాసి, నీరు తగ్గించే మందును ఊపిరి లెక్క చూసుకుంటూ వీలైనంత తక్కువకు దించి, పక్కనే ఎప్పుడూ తాగే నీళ్లు ఉంచమని, తిండిలో భాస్వరం తగ్గించమని చెప్పారు. కిడ్నీ జబ్బుకు ప్రత్యేకంగా తయారుచేసే తిండి సంచి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే ముందు చిన్న ప్యాకెట్ కొనిపించారు. జిమ్మీ దాన్ని వాసన చూసి వెనక్కి తిరిగాడు. అప్పుడు అన్నం, కోడిగుడ్డు తెల్లసొన, కొంచెం నూనె, ఉడికించిన సొరకాయ కలిపి ఇంట్లోనే వండే పద్ధతి రాసి ఇచ్చారు. బొమికలు మాన్పించారు. తినని మంచి తిండి కన్నా తినే మామూలు తిండి మేలన్నది ఆమె మాట.

ఖర్చును గురించిన పెద్ద వాదన మా ఇంట్లో ఈ దశలోనే వచ్చింది. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. జిమ్మీని ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది వాడే. అక్కడ కుక్కల వైద్యానికి జనం పెట్టే ఖర్చు, చేయించే ఆపరేషన్లు చూస్తున్నవాడు కనుక, డబ్బు తాను పంపుతానని, దేశంలో ఎక్కడికైనా తీసుకెళ్లి కవాటం బాగు చేయించమని పట్టుబట్టాడు. దూరంగా ఉన్నవారికి డబ్బు పంపడమే చేతనైన ప్రేమ అవుతుంది. దాన్ని కాదంటే వారి మనసు విరుగుతుంది, సరేనంటే కుక్క ఒళ్లు నలుగుతుంది. మేము చెప్పలేక డాక్టరమ్మనే అడిగాం. ఆమె క్లినిక్ మూసే వేళకు వీడియో కాల్‌లో వాడితో చాలాసేపు మాట్లాడారు. వాడు ఎంత ఖర్చవుతుందని అడిగితే ఆమె అంకె చెప్పారు. ఆ వెంటనే, ఆ ఖర్చుతో జిమ్మీకి దొరికేదేమిటో చెప్పారు. కిడ్నీలు దెబ్బతిన్న ఆ వయసు కుక్క మత్తు తట్టుకోవడమే కష్టమని, తట్టుకున్నా ఉన్న కొద్ది కాలంలో చాలా భాగం బోనులో, తెలియని చేతుల మధ్య గడుస్తుందని వివరించారు. "మీరు పంపే డబ్బు వాడికి రోజులను కొనదు బాబూ, ఆసుపత్రిని కొంటుంది" అన్నారు. మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత టికెట్ కొనుక్కుని వచ్చి పది రోజులు ఉండి వెళ్లాడు. ఆ వీడియో కాల్‌కు క్లినిక్ తీసుకున్నది మామూలు సంప్రదింపు రుసుమే.

చివరి దశకు క్లినిక్ మమ్మల్ని ముందుగానే సిద్ధం చేసింది. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ 2004లో ప్రచురించిన ఒక కొలమానాన్ని వీరు తెలుగులో రాసి అచ్చు వేయించుకున్నారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా అన్నది, ఇలా ఏడు అంశాలకు సున్నా నుంచి పది దాకా మార్కులు వేయాలి. ఊపిరి అందకపోవడాన్ని నొప్పి కిందే లెక్కగడతారు. మొత్తం ముప్పై అయిదు దాటితే జీవితం ఇంకా భరించదగ్గదిగా ఉన్నట్టు. ఇంట్లో ప్రతి ఒక్కరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా వేయాలని డాక్టరమ్మ పెట్టిన నియమం మంచిది. మా వారి మార్కులు ఎప్పుడూ మా అత్తగారి మార్కులకన్నా బాగా ఎక్కువ ఉండేవి. ఆయన జిమ్మీని పొద్దున బయటికి తీసుకెళ్లేవారు, ఆ వేళకు వాడు కాస్త హుషారుగా ఉండేవాడు. రాత్రంతా పక్కన కూర్చునేది ఆవిడ. ఒకే కుక్కను ఇద్దరూ వేర్వేరు వేళల్లో చూస్తున్నారన్న సంగతి కాగితం మీద పడితే గానీ మాకు తట్టలేదు. ఇద్దరి మార్కులూ ముప్పై అయిదు కిందికి దిగిన వారంలో మేము ఫోను చేశాం.

కారుణ్య మరణం అనగానే మా అత్తగారు మొదట ససేమిరా అన్నారు. ప్రాణం తీసే అధికారం మనకెక్కడిదని ఆవిడ ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం డాక్టరు పని కాదని తప్పించుకోవచ్చు. ఈ డాక్టరమ్మ తప్పించుకోలేదు, వాదించనూ లేదు. "అమ్మమ్మగారూ, మందు మానేసి దాని పోక దాన్ని పోనిస్తే ఎలా ఉంటుందో చెప్తాను, ఇంజెక్షన్ ఇస్తే ఎలా ఉంటుందో కూడా చెప్తాను, రెండూ విని మీరే చెప్పండి" అన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు నిండితే ఆ ఆఖరి గంటలు ఎలా ఉంటాయో మెత్తగానే గానీ దాచకుండా చెప్పారు. రెండు రోజుల తర్వాత అత్తగారే సరేనన్నారు.

ఇంటికి వచ్చి చేయడానికి అదనంగా రెండు వేలు తీసుకుంటారు. ఈ మొత్తం ఏడాదిలో ఆలోచించకుండా కట్టిన డబ్బు అదొక్కటే. వచ్చేముందు రోజు సహాయకుడు ఫోను చేసి బిల్లు ఆ రోజే కట్టించుకున్నాడు. మొదట కటువుగా అనిపించింది. మర్నాడు అర్థమైంది, కుక్క శరీరం పక్కన నిలబడి ఫోనులో డబ్బు పంపే అవస్థ మాకు లేకుండా చేశారు. ఏం జరగబోతోందో కూడా ముందే చెప్పారు. మొదట ఒక మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, దానితో గాఢ నిద్ర పడుతుంది. ఆ తర్వాత కాలి నరంలో పెట్టిన సూది ద్వారా మత్తుమందును మోతాదుకు మించి ఎక్కిస్తే ఊపిరి, గుండె ఆగిపోతాయి. కళ్లు మూసుకోవు. ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు సార్లు పెద్దగా ఊపిరి తీసినట్టు కదలవచ్చు, మూత్రం పోవచ్చు, అది నొప్పి కాదు. ఈ చివరి మాటలు ముందుగా చెప్పని చోట జనం ఏళ్ల తరబడి ఆ కదలికను తలచుకుని కుమిలిపోతారు. జిమ్మీ విషయంలో అవన్నీ చెప్పినట్టే జరిగాయి, ఎవరం ఉలిక్కిపడలేదు. వాడి తల అత్తగారి ఒళ్లో ఉంది. స్టెతస్కోపు తీసిన తర్వాత డాక్టరమ్మ కాసేపు అక్కడే నేల మీద కూర్చుని, టీ తాగి వెళ్లారు.

అంత్యక్రియల గురించి క్లినిక్ ఇచ్చిన సమాచారం పనికొచ్చేదే అయినా అరకొరగా ఉంది. అపార్టుమెంట్లలో ఉండేవారికి పూడ్చడానికి చోటు ఉండదు. సొంత స్థలం ఉన్నవారు కూడా లోతుగా పూడ్చకపోతే ప్రమాదమే, ఎందుకంటే ఆ మందు శరీరంలో మిగిలి ఉంటుంది, తవ్వి తిన్న వీధి కుక్కలూ పక్షులూ చనిపోవచ్చు. ఈ సంగతి వారే చెప్పారు. నగరంలో పెంపుడు జంతువుల దహనవాటిక నంబరు కూడా ఇచ్చారు. కానీ విడిగా దహనం చేయడం, పలు జంతువులతో కలిపి చేయడం అని రెండు రకాలుంటాయని, అస్థికలు కావాలంటే మొదటిదే అడగాలని మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. రెండింటి ధరలోనూ చాలా తేడా ఉంది. అన్నిటికీ మూడు వరుసల కాగితం రాసిచ్చే క్లినిక్ దీనికి కూడా ఒకటి రాసిస్తే బాగుండేది.

దుఃఖం సంగతికి వస్తే, క్లినిక్ నుంచి దానికి చికిత్స ఆశించకూడదు. అయినా వారు చేసిన రెండు పనులు చెప్పుకోవాలి. వారం తర్వాత డాక్టరమ్మ ఫోను చేశారు. మా యోగక్షేమాలు అడిగి, చివరి రక్తపరీక్ష ఫలితం అప్పుడే చేతికి వచ్చిందని, మూత్రపిండాలు నాలుగో దశకు చేరాయని, ఇంకో వారం ఆగి ఉన్నా మంచి రోజు ఒక్కటీ దొరికేది కాదని చెప్పారు. ఇలాంటి ఫోనుకు బిల్లు ఉండదు, కానీ మా వారు ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయారు. తొందరపడ్డామా అన్న ప్రశ్నకు సానుభూతి మాటలతో జవాబు దొరకదు, ఇలాంటి వాస్తవమే కావాలి. రెండోది, సహాయకుడు పంపిన చిన్న సందేశం. తిండి సరిగా తినలేకపోయినా, పనికి వెళ్లలేకపోయినా 14416కు ఫోను చేయమని అందులో ఉంది. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయవాణి, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. కుక్క కోసం అక్కడికి ఫోను చేయడమా అని మొదట మేము నవ్వుకున్నాం. కానీ అత్తగారు కంచంలో పెరుగన్నం చివరి ముద్ద పక్కకు తీసిపెట్టడం, ఆ తర్వాత అలాగే కూర్చుండిపోవడం మానలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లేమో కొత్త కుక్కపిల్లను తెచ్చుకోమని సలహా ఇచ్చి వెళ్లేవారు. మనిషి పోతే పది రోజులు ఇల్లంతా జనం ఉంటారు, కుక్క పోతే మర్నాటికి మామూలైపోవాలని లోకం అనుకుంటుంది. కెనెత్ డోకా అనే అమెరికా పరిశోధకుడు లోకం గుర్తించని ఇలాంటి దుఃఖాన్ని 1989లోనే ప్రత్యేకంగా పేరు పెట్టి వివరించాడు. ఆ సహాయవాణిలో ఉన్న అమ్మాయి అత్తగారిని జిమ్మీ గురించి చెప్పమని అడిగింది. ఆవిడ అట్టపెట్టె దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పారు.

ఇక లోపాలు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఈ క్లినిక్కులో ఎవరూ ఉండరు, ఫోను ఎత్తితే ఎత్తుతారు. మేము పరుగెత్తవలసి వచ్చిన రాత్రి ఆక్సిజన్ కోసం వేరే చోటికే వెళ్లవలసి వచ్చింది, కాబట్టి గుండె జబ్బు ఉన్న కుక్కకు ఇదొక్కటే చాలదు. రాత్రి తెరిచి ఉండే ఇంకో ఆసుపత్రిలో ముందే పేరు నమోదు చేయించి, ఈ క్లినిక్ కాగితాలు చేతిలో పెట్టుకుని వెళ్లాలి. ప్రతి ఒక్కరితో అంత వివరంగా మాట్లాడతారు కనుక మన వంతు వచ్చేసరికి గంట దాటుతుంది. కూర్చునే చోట ఒకటే ఫ్యాను, కుక్కలకూ పిల్లులకూ వేరు గది లేదు. కార్డు తీసుకోరు. ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. సర్దుకోలేనిది ఒకటి జరిగింది. జిమ్మీ పోయిన రెండు నెలలకు మా వారి ఫోనుకు ఆ క్లినిక్ నుంచి, జిమ్మీకి టీకా గడువు దగ్గరపడిందని, బొమ్మ కుక్క తోక ఊపుతున్నట్టున్న సందేశం వచ్చింది. మనుషులతో ఇంత జాగ్రత్తగా మాట్లాడే చోట యంత్రం ఇలా చేయడం ఎలా ఒప్పుకున్నారో అర్థం కాలేదు. అడిగితే డాక్టరమ్మ క్షమాపణ చెప్పి, పోయిన జంతువుల పేర్లను అదే రోజు జాబితాలోంచి తీసేయించే బాధ్యత ఒకరికి అప్పగించానన్నారు.

మిగిలిపోయిన పిమోబెండాన్ పెట్టెను, విప్పని తిండి ప్యాకెట్లను వారికే ఇచ్చేశాం. గడువు తేదీ చూసి, ఖర్చు పెట్టుకోలేని ఇంటి కుక్కకు ఇస్తామని రసీదు రాసిచ్చారు. మీ ఇంట్లో అలాంటివి ఉంటే మీకు దగ్గరలో ఉన్న క్లినిక్కును అడిగి చూడండి. ఇక ఇలాంటి క్లినిక్కుకు ముసలి జంతువును తీసుకెళ్లేవారు ముందుగా ఫోను చేసి సాయంత్రం చివరి గంట అడిగి తీసుకోవడం మంచిది. ఆ వేళకు టీకాల కోసం వచ్చే కుక్కపిల్లల సందడి తగ్గుతుంది, డాక్టరుకు కాగితం మీద మూడు వరుసలు రాయడానికి తీరిక ఉంటుంది.